రెండో ఏడాది ఎంబీబీఎస్‌కి ఇమ్యూనాలజీ పుస్తకం: ఏది ముందు కొనాలి, ఏది ఆగి కొనాలి

ఎంబీబీఎస్ మొదటి ఏడాది గట్టెక్కగానే కొంపల్లి, సుచిత్ర, మేడ్చల్ వైపు చాలా ఇళ్లలో మళ్లీ పుస్తకాల లిస్టు బయటికి వస్తుంది. సూరారంలో మల్లారెడ్డి కాలేజీలు, ఘన్‌పూర్‌లో మెడిసిటీ, దుండిగల్‌లో అరుంధతి... ఈ చుట్టుపక్కలే ఇన్ని మెడికల్ కాలేజీలు ఉన్నాయి. ఫీజు కట్టి, హాస్టల్ కట్టి అలసిపోయిన తండ్రి ఆ లిస్టు చూసి అడిగేది ఒక్కటే మాట: ఇవన్నీ కొనాల్సిందేనా?

పాథాలజీకి, ఫార్మకాలజీకి జవాబు సులువు. అక్కడ ఏళ్ల తరబడి స్థిరపడిన పుస్తకాలు ఉన్నాయి, సీనియర్లు, సార్లు ఇంచుమించు ఒకే పేరు చెప్తారు. ఇమ్యూనాలజీ దగ్గరకొచ్చేసరికి తలా ఒక మాట. ఒకరు అబ్బాస్ అంటారు, ఒకరు కూబీ అంటారు, ఇంకొకరు జేన్‌వే తప్ప వేరే పుస్తకమే లేదంటారు. మరొకరు మైక్రోబయాలజీ పుస్తకంలో ఉన్న చాప్టర్లు చాలు, డబ్బు దండగ అంటారు. విచిత్రం ఏమిటంటే, ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. వాళ్లు చెప్పేది వేర్వేరు అవసరాల గురించి.

ముందు ఒక విషయం తెలుసుకోవాలి. ఎంబీబీఎస్‌లో ఇమ్యూనాలజీ అనే వేరే సబ్జెక్టు లేదు, వేరే పరీక్ష లేదు. 2019లో అమల్లోకి వచ్చిన కొత్త కరికులమ్ ప్రకారం ప్రధానంగా రెండో ఏడాది మైక్రోబయాలజీలో ఇది వస్తుంది. శరీరం ఇన్ఫెక్షన్‌ను ఎలా ఎదుర్కొంటుంది, టీకా ఎలా పని చేస్తుంది, అలెర్జీ ఎందుకు వస్తుంది, అవయవ మార్పిడిలో కొత్త కిడ్నీని శరీరం ఎందుకు తిరస్కరిస్తుంది అన్నవి అక్కడి పాఠాలు. కొంత భాగం మొదటి ఏడాది బయోకెమిస్ట్రీలో వచ్చి పోతుంది. ఆటోఇమ్యూన్ జబ్బులు పాథాలజీలో మళ్లీ వస్తాయి. టీకాల షెడ్యూలు కమ్యూనిటీ మెడిసిన్‌లో, పీడియాట్రిక్స్‌లో తిరిగి పలకరిస్తుంది. అంటే ఒకే కథను నాలుగు డిపార్ట్‌మెంట్లు నాలుగు ముక్కలుగా చెప్తాయి. ఆ ముక్కలు కలిపి కుట్టుకోవాల్సింది విద్యార్థే. పుస్తకం ఎంపికలో అసలు సమస్య ఇదే.

పరీక్ష పుస్తకం సంగతి తొందరగా తేల్చేద్దాం. మన దగ్గర రెండు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి అనంతనారాయణ్, పణికర్‌ల మైక్రోబయాలజీ. 1978లో మొదటిసారి వచ్చింది. తరాల డాక్టర్లు దాన్ని చదివే పాసయ్యారు. ఇప్పుడు దాన్ని ప్రచురిస్తున్న యూనివర్సిటీస్ ప్రెస్ మన హిమాయత్‌నగర్‌లోనే ఉంది, ఈ సంగతి ఆ పుస్తకాన్ని బట్టీ పట్టిన చాలామందికి తెలియదు. రెండోది అపూర్వ శాస్త్రి, సంధ్యా భట్‌ల ఎసెన్షియల్స్. పాయింట్లు పాయింట్లుగా, టేబుళ్లతో, కొత్త కరికులమ్‌కు తగ్గట్టు ఉంటుంది. పరీక్ష ముందు రోజు రాత్రి తిప్పడానికి ఇదే వీలు. రెండింటిలో ఒకటి చాలు. మీ డిపార్ట్‌మెంట్ సార్లు దేన్ని బట్టి పేపర్ దిద్దుతారో కనుక్కుని అదే కొనండి. రెండూ కొనడం మాత్రం దండగే.

ఈ పుస్తకం విషయంలో కక్కుర్తి పడి పాత ఎడిషన్ కొనొద్దు. ఒక ఉదాహరణ చెప్తాను. 2023 జనవరి నుంచి మన జాతీయ టీకాల షెడ్యూలులో ఐపీవీ అనే పోలియో ఇంజెక్షన్ మూడో చిన్న డోసు చేరింది, తొమ్మిదో నెలలో వేస్తారు. అంతకు ముందు ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు రెండే డోసులు. పాత పుస్తకం చదివిన పిల్లవాడు రెండే రాస్తాడు, మార్కు పోతుంది. మార్కు పోతే పోయింది, రేపు మేడ్చల్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్‌లో కూర్చున్నప్పుడు తల్లికి కూడా అదే చెప్తే?

అసలు చర్చ రెండో పుస్తకం గురించి. పరీక్ష పుస్తకంలోని ఇమ్యూనాలజీ చాప్టర్లు నిర్వచనాలు ఇస్తాయి, వర్గీకరణలు ఇస్తాయి. ఐదు రకాల యాంటీబాడీలు, నాలుగు రకాల హైపర్‌సెన్సిటివిటీ, కాంప్లిమెంట్‌లో మూడు దారులు. ఇవి కావాలి, కాదనను. కానీ ఇవన్నీ ఒక నాటకంలో పాత్రల పట్టిక లాంటివి. నాటకం మాత్రం అందులో కనపడదు. అందుకే మార్కులు బాగా వచ్చిన విద్యార్థి కూడా ఒక తల్లి అడిగిన మామూలు ప్రశ్నకు నోరు తెరవలేకపోవడం మనం చూస్తున్నాం.

ఆ ప్రశ్నలు మన బస్తీల్లో రోజూ ఉంటాయి. "అన్ని సార్లు ఎందుకు వేయాలి బేటా, ఒక్కసారి వేస్తే సరిపోదా?" "టీకా వేస్తే జ్వరం వచ్చింది, అంటే టీకా చెడ్డదా?" 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో మీజిల్స్, రుబెల్లా టీకా కార్యక్రమం జరిగింది. కోవిడ్ టీకాలు తర్వాత వచ్చాయి. రెండు సందర్భాల్లోనూ వాట్సాప్‌లో ఏమేం తిరిగాయో అందరికీ గుర్తే. పిల్లలు పుట్టరని, ఇంకేదో అవుతుందని. అప్పుడు పెద్దలు చూసింది ఇంట్లో మెడిసిన్ చదువుతున్న అమ్మాయి వైపో, పక్కింటి డాక్టర్ అబ్బాయి వైపో. పట్టిక బట్టీ పట్టిన నోటితో ఆ భయం పోదు. ఎందుకు, ఎలా అనేది లోపల అర్థమైనవాళ్లే సాదా మాటల్లో చెప్పగలరు. ఆ అర్థం చేయించేదే రెండో పుస్తకం.

మరి ఏది అర్థం చేయిస్తుందో కొట్టులో నిలబడి ఎలా తెలుసుకోవాలి? నా మాట వినండి: పుస్తకాన్ని మన ఊరి ప్రశ్న ఒకటి అడగండి.

కొంపల్లి నుంచి ఔటర్ ఎక్కి శామీర్‌పేట వైపు వెళ్తే గంట లోపే తుర్కపల్లిలోని జీనోమ్ వ్యాలీ వస్తుంది. భారత్ బయోటెక్ అక్కడే ఉంది. బయోలాజికల్ ఇ ప్లాంటు కొల్తూరు దగ్గర ఉంది. ప్రపంచంలో ఎన్నో దేశాల పిల్లలకు వేసే టీకాలు మన పొరుగూళ్లలో తయారవుతున్నాయి. వాటిలో ఒకటి టైఫాయిడ్ టీకా. ఆ కంపెనీ దగ్గరే దీనివి రెండు రకాలు ఉన్నాయి. పాతదాంట్లో టైఫాయిడ్ క్రిమి ఒంటి మీద ఉండే వీఐ అనే చక్కెర పదార్థం మాత్రమే ఉంటుంది. అది రెండేళ్ల లోపు పిల్లలకు పని చేయదు. కొత్తది టైప్‌బార్ టీసీవీ. అదే చక్కెరను టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రొటీన్‌కు అతికించి చేశారు. ఇది ఆరు నెలల పసివాడికి కూడా పని చేస్తుంది. చక్కెర అదే, క్రిమి అదే. ప్రొటీన్ అతికిస్తే ఎందుకింత తేడా?

ఇదీ ప్రశ్న. మంచి పుస్తకం జవాబు ఇలా చెప్తుంది. యాంటీబాడీ తయారు చేసేది బీ కణం. దానికి గట్టిగా, ఎక్కువ కాలం పని చేయాలంటే హెల్పర్ టీ కణం సాయం కావాలి. కానీ టీ కణానికి ఒక షరతు ఉంది. అది క్రిమిని నేరుగా చూడదు. ఇంకో కణం ప్రొటీన్‌ను ముక్కలు చేసి, ఎంహెచ్‌సీ అనే పళ్లెంలో పెట్టి చూపిస్తేనే గుర్తు పడుతుంది. ఆ పళ్లెంలో ఇమిడేది ప్రొటీన్ ముక్కే, ఉత్త చక్కెర ఇమడదు. కాబట్టి ఉత్త చక్కెర టీకా వేస్తే టీ కణానికి కబురే అందదు. బీ కణం ఒంటరిగా తనకు చేతనైనంత చేస్తుంది. ఎక్కువగా ఐజీఎం రకం యాంటీబాడీ, జ్ఞాపకం తక్కువ. పసిపిల్లల్లో ఆ ఒంటరి దారి ఇంకా తయారై ఉండదు, అందుకే వాళ్లకు అసలే పని చేయదు.

ఇప్పుడు అదే చక్కెరకు ప్రొటీన్ అతికించారు. చక్కెరను గుర్తు పట్టే బీ కణం దాన్ని పట్టుకుని లోపలికి లాక్కుంటుంది, దాంతో పాటు ప్రొటీన్ కూడా లోపలికి పోతుంది. ఆ ప్రొటీన్ ముక్కలు పళ్లెం మీదికి ఎక్కుతాయి. టెటనస్ ప్రొటీన్‌ను గుర్తించే టీ కణం వచ్చి సాయం చేస్తుంది. కానీ సాయం అందుకున్న బీ కణం తయారు చేసేది చక్కెర మీద యాంటీబాడీ. ఒకరి పేరు మీద అప్లికేషన్ పెట్టి ఇంకొకరి పని చేయించుకున్నట్టు. జ్ఞాపకం ఏర్పడుతుంది, ఐజీజీ వస్తుంది, పసివాడికి రక్షణ దొరుకుతుంది.

ఇంత సూక్ష్మమైన కిటుకు పుస్తకాల్లోనే ఆగిపోలేదు. ఈ టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ దక్కింది. నేపాల్‌లో 9 నెలల నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలు 20 వేల మంది మీద జరిగిన ట్రయల్ తొలి ఫలితాలు 2019లో వచ్చాయి, దాదాపు 82 శాతం రక్షణ కనపడింది. ఇంకో సంగతి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో హైదరాబాద్ అనే నగరం ఉంది కదా, 2016 చివర్లో అక్కడ చాలా మందులకు లొంగని టైఫాయిడ్ మొదలైంది. 2018లో ఆ ఊరి పిల్లలకు వేసిన టీకా ఇదే. దక్కన్ హైదరాబాద్ పొలిమేరలో తయారై సింధ్ హైదరాబాద్ పిల్లల దాకా వెళ్లింది. మరుసటి ఏడాది టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను రొటీన్ టీకాల్లో చేర్చిన మొదటి దేశం కూడా పాకిస్తానే.

సరే, పుస్తకం దగ్గరికి. వెనక ఇండెక్స్ తీసి కాంజుగేట్ వ్యాక్సిన్ అని వెతకండి. ఆ పేజీలో "ఫలానా టీకాలు కాంజుగేట్ టీకాలు" అని లిస్టు మాత్రమే ఉంటే అది పరీక్ష పుస్తకం. చక్కెర, ప్రొటీన్, బీ కణం, టీ కణం నలుగురినీ ఒక బొమ్మలో నిలబెట్టి కథ చెప్తే అది అర్థం చేయించే పుస్తకం. ఐదు నిమిషాల పని.

ఈ పరీక్షలో నాకు ఎక్కువ నచ్చేది అబ్బాస్, లిక్ట్‌మన్, పిళ్లైల బేసిక్ ఇమ్యూనాలజీ. ఎంబీబీఎస్ పిల్లలకు రెండో పుస్తకం ఒకటే కొనగలిగితే ఇది కొనమంటాను. దాదాపు మూడు వందల పేజీలు, బొమ్మలు పెద్దవి, ప్రతి బొమ్మా వాక్యం లాగా చదువుకోవచ్చు. చివర్లో పదకోశం ఉంది, రోగుల కేసులు కొన్ని ఉన్నాయి. ఇందులో శివ్ పిళ్లై వెల్లూరు సీఎంసీలో ఎంబీబీఎస్ చదివినవారు. అబుల్ అబ్బాస్ మీ పాథాలజీ రాబిన్స్ పుస్తకం సంపాదకుల్లో కూడా ఒకరు. అందుకే ఈ పుస్తకంలో చదివింది రాబిన్స్‌లో ఇమ్యూన్ జబ్బుల చాప్టర్‌కు సరిగ్గా అతుకుతుంది, భాష కూడా ఒకటే. నేను పైన చెప్పిన నాలుగు ముక్కల కుట్టుపనిలో రెండు ముక్కలు ఇలా కలిసిపోతాయి.

ఇదే రచయితలది సెల్యులర్ అండ్ మాలిక్యులర్ ఇమ్యూనాలజీ అని ఇంకో లావు పుస్తకం ఉంది. పేర్లు ఒకటే కాబట్టి చాలామంది అదే అనుకుని కొనేస్తారు. పీజీలో పాథాలజీయో, మైక్రోబయాలజీయో తీసుకునేవాళ్లకు అది బంగారం. రెండో ఏడాదికి భారం. ఏడాదిలో మూడు పెద్ద సబ్జెక్టులు ముగించాల్సిన పిల్లవాడు దాన్ని షెల్ఫులో అలంకారంగా పెట్టుకుంటాడు, అంతే.

అబ్బాస్ కూడా మొదట్లో మింగుడు పడకపోతే లారెన్ సాంపేరాక్ రాసిన హౌ ది ఇమ్యూన్ సిస్టమ్ వర్క్స్ అనే సన్న పుస్తకం ఉంది. దానిలో చాప్టర్లు కావు, లెక్చర్లు. ఒక మేష్టారు బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్తున్నట్టు ఉంటుంది. ఒక సెలవుల వారంలో పూర్తవుతుంది. ఇంగ్లీషు సులువు. దీనితో పరీక్ష రాయలేరు, టేబుళ్లు ఉండవు, వ్యాధుల వివరం తక్కువ. కానీ క్లాసులు మొదలయ్యే ముందు ఇది ఒకసారి చదివి వెళ్లినవాళ్లకు సార్ చెప్పేది తలకెక్కుతుంది. తెలుగు మీడియం నుంచో, ఉర్దూ మీడియం నుంచో వచ్చిన పిల్లలకు నేను ముందుగా చెప్పే పేరు ఇదే.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది ఉర్దూ మాధ్యమంలో. దానికోసం ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు అనువదించారు, మెడిసిన్ కూడా ఈ ఊళ్లో ఉర్దూలో చెప్పారు. ఆ దారి 1948 తర్వాత మూసుకుపోయింది. నేడు మన పిల్లల ముందున్న ఇమ్యూనాలజీ పుస్తకాలు ఇంగ్లీషువే, పరీక్షా ఇంగ్లీషులోనే. కాబట్టి ఇంగ్లీషు తేలిగ్గా ఉండటం అనేది పుస్తకం ఎంపికలో నామోషీ పడాల్సిన విషయం కాదు. కొట్టులో ఏదో ఒక పేజీ తీసి గట్టిగా చదివి చూడండి. ఒక పేరాలో డిక్షనరీ మూడుసార్లు కావాల్సి వస్తే ఆ పుస్తకం ఇప్పుడు మీది కాదు, రెండేళ్ల తర్వాత మీది కావచ్చు. చదివింది రూమ్మేట్‌కి తెలుగులోనో, దక్కనీలోనో చెప్పి చూసుకోండి. చెప్పగలిగితే వచ్చినట్టే.

మన రెండు భాషల్లోనూ ఈ సబ్జెక్టు పేరులోనే ఒక తిరకాసు ఉంది. తెలుగులో రోగనిరోధక శక్తి అంటాం, ఉర్దూలో కువ్వతె ముదాఫత్ అంటాం. రెంటిలోనూ శక్తి, కువ్వత్ ఉన్నాయి. శక్తి అంటే ఎంత ఎక్కువైతే అంత మంచిదే కదా అనిపిస్తుంది. కోవిడ్ రోజుల్లో కషాయాలు, బూస్టర్లు అమ్ముకున్నవాళ్లంతా బతికింది ఈ మాట మీదే. నిజానికి ఉబ్బసం, కీళ్లవాతం, లూపస్, పిల్లల్లో వచ్చే టైప్ 1 షుగరు... ఇవన్నీ ఆ శక్తి తక్కువై వచ్చినవి కావు, దారి తప్పి వచ్చినవి. ఇమ్యూనిటీకి సైన్యం ఎంత ముఖ్యమో, సైన్యాన్ని ఆపే కళ్లెం అంత ముఖ్యం.

ఆ కళ్లెం గురించే 2025 నోబెల్ వైద్య బహుమతి వచ్చింది. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచి అనే ముగ్గురికి ఇచ్చారు. సొంత శరీరం మీదికి దూకే కణాలను అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాలను, వాటిని నడిపే ఫాక్స్‌పీ3 జీన్‌ను వెలికి తీసిన పని అది. దీని వెనక ఒక ముచ్చట ఉంది, అది పుస్తకాలు కొనేవాళ్లకు బాగా పనికొస్తుంది. 1970లలో సప్రెసర్ టీ కణాలు అనే మాట పుట్టింది. అప్పట్లో గొప్పగా రాశారు. 1980లలో దానికి ఆధారమనుకున్న జీన్ ఉండాల్సిన చోట లేదని తేలింది, ఆ సిద్ధాంతమే కూలింది. చాలామంది శాస్త్రవేత్తలు ఆ పేరెత్తడమే మానేశారు. సకాగుచి మాత్రం వదల్లేదు. 1995లో వేరే గుర్తుతో, వేరే ఆధారంతో రెగ్యులేటరీ కణాలను చూపించారు. 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 జీన్‌ను పట్టుకున్నారు.

అయినా పాత నోట్సుల్లో, గైడ్లలో సప్రెసర్ టీ కణాలు ఇంకా బతికే ఉన్నాయి. కాబట్టి కొట్టులో రెండో పరీక్ష ఇది: ఇండెక్స్‌లో రెగ్యులేటరీ టీ కణాలు, ఫాక్స్‌పీ3 ఉన్నాయా? టీ కణాలను హెల్పర్, సైటోటాక్సిక్, సప్రెసర్ అని మూడు ముక్కలు చేసి వదిలేస్తే ఆ పుస్తకం పైన అట్ట ఎంత కొత్తదైనా లోపలి సరుకు పాతదే. అలాగే పీడీ-1 అనే మాట వెతకండి. క్యాన్సర్ వైద్యాన్ని మార్చేసిన మందులు దాని మీదే పని చేస్తాయి, దానికి 2018లో నోబెల్ వచ్చింది. అది లేని పుస్తకం ఈనాటి ఆంకాలజీ వార్డుకు పనికిరాదు.

ఇప్పుడు లావు పుస్తకాల సంగతి. జేన్‌వేస్ ఇమ్యూనోబయాలజీ గురించి గొప్పగా చెప్పేవాళ్లు నిజమే చెప్తారు. చార్లెస్ జేన్‌వే 1989లోనే ఒక చిక్కు ప్రశ్న వేశారు. శుద్ధమైన ప్రొటీన్ ఇస్తే శరీరం పెద్దగా స్పందించదు, అడ్జువెంట్ అనే పదార్థం కలిపితేనే స్పందిస్తుంది. ఎందుకని? ఇమ్యూనాలజీ వాళ్లంతా దీన్ని రహస్యంగా దాచుకున్నారని వేళాకోళం చేశారు. క్రిమి తాలూకు గుర్తులను పసిగట్టే రిసెప్టర్లు ఏవో ఉండి తీరాలని ఊహించారు. తర్వాత టోల్ లాంటి రిసెప్టర్లు దొరికాయి, ఊహ నిజమైంది. ఇదేదో దూరదేశపు కథ అనుకోకండి. తుర్కపల్లిలో చేసిన కోవాక్సిన్‌లో చంపిన వైరస్‌తో పాటు టోల్ 7, 8 రిసెప్టర్లను తట్టి లేపే పదార్థాన్ని ఆలంకు అంటించి కలిపారు. బయోలాజికల్ ఇ కార్బెవాక్స్‌లో టోల్ 9ని లేపే సీపీజీ ఉంది. జేన్‌వే వేసిన ప్రశ్నకు జవాబు మన భుజంలోకే దిగింది.

అయినా సరే, ఎంబీబీఎస్ పిల్లవాడు జేన్‌వే కొనక్కర్లేదు. తొమ్మిది వందల పేజీల పుస్తకం, ధర వేలల్లో. లైబ్రరీలో తీసి అడ్జువెంట్ గురించో, కాంప్లిమెంట్ గురించో కావాల్సిన పేజీలు చదువుకుంటే చాలు. కూబీ సంగతీ దాదాపు అంతే, కాకపోతే అది వేరేవాళ్లకు బాగా పనికొస్తుంది. ఒక విషయం ఎలా కనిపెట్టారు, ఏ ప్రయోగం చేశారు అని వివరంగా చెప్తుంది. కొంపల్లి, మేడ్చల్ వైపు ఎంఎస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివి జీనోమ్ వ్యాలీలో ఉద్యోగం చూసుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో ఎలైజా ప్లేటు ముందు నిలబడేవాళ్లకు కూబీయే సరైనది. అన్నకు ఎంబీబీఎస్, చెల్లికి ఎంఎస్సీ ఉన్న ఇంట్లో ఒకే పుస్తకం ఇద్దరికీ సరిపెట్టాలని చూడకండి, ఇద్దరికీ సరిపోదు.

కిర్గిజిస్తాన్, జార్జియా, ఫిలిప్పీన్స్ వెళ్లి చదువుతున్న మన పిల్లలకు వేరే చిక్కు ఉంది. అక్కడ ఎక్కువగా అమెరికా రివ్యూ పుస్తకాలు వాడతారు, లెవిన్సన్ లాంటివి. మంచివే, సన్నగా, సూటిగా ఉంటాయి. కానీ తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈ రాయాలి. ఆ పుస్తకాల్లో మన జాతీయ టీకాల షెడ్యూలు ఉండదు, కుష్టు, కాలా అజార్ లాంటి మన జబ్బుల మీద రెండు ముక్కలే ఉంటాయి. వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడి పరీక్ష పుస్తకం ఒకటి, కమ్యూనిటీ మెడిసిన్‌కి పార్క్ ఒకటి పట్టుకెళ్లాలి. కుష్టు అధ్యాయం ఇమ్యూనాలజీకి కూడా గొప్ప పాఠం. ఒకే క్రిమి ఒకరిలో ఒకటి రెండు మచ్చలతో ఆగిపోతుంది, ఇంకొకరిలో ఒళ్లంతా పాకుతుంది. తేడా క్రిమిలో లేదు, టీ కణాల స్పందన ఏ దారి పట్టిందన్నదే తేడా.

ఇక డబ్బు. అందరూ అబ్బాస్ కొత్తది కొనలేరు. మొదట చూడాల్సింది దక్షిణాసియా ఎడిషన్ దొరుకుతుందా అని, అది విదేశీ ముద్రణ కన్నా చవక. రెండోది సెకండ్ హ్యాండ్. కోఠీలో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే దొరుకుతాయి. పరీక్ష పుస్తకం పాతది వద్దన్నాను కదా, అర్థం చేయించే పుస్తకానికి ఆ పట్టింపు అంత అక్కర్లేదు. 2015 తర్వాతి ఎడిషన్ అయితే టీ కణాలూ బీ కణాలూ మారిపోవు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకా ఒక్కటే ఉండకపోవచ్చు, దానికి కొత్త ఎడిషన్ లైబ్రరీలో నాలుగు పేజీలు చూసుకోవచ్చు.

జిరాక్స్ పుస్తకాల గురించి మాత్రం జాగ్రత్త. వేరే సబ్జెక్టుల సంగతి ఎలా ఉన్నా, ఇమ్యూనాలజీ బొమ్మల్లో రంగే సమాచారం. బీ కణం ఒక రంగు, టీ కణం ఇంకో రంగు, యాంటిజెన్ మరో రంగు, పుస్తకమంతా అదే పద్ధతి నడుస్తుంది. నలుపు తెలుపు కాపీలో అన్నీ బూడిద రంగు గుండ్రాలే. ఏది ఎవరికి ఏం చెప్తోందో తెలియదు. డబ్బు ఆదా అయింది అనుకుని నెలల తరబడి ఆ గుండ్రాలతో కుస్తీ పట్టే పిల్లలు చాలామంది. ఫోన్లో తిరిగే పీడీఎఫ్‌ల్లో రంగులైతే ఉంటాయి, కానీ దొంగ కాపీ సంగతి పక్కన పెట్టినా, ఐదంగుళాల స్క్రీన్ మీద సగం పేజీ బొమ్మను అటూ ఇటూ జరుపుతుంటే మొదలు కనపడినప్పుడు చివర కనపడదు.

దీనికి తేలికైన ఉపాయం హాస్టల్ పిల్లలే పాటిస్తుంటారు. ఒకే గదిలో ముగ్గురుంటే పరీక్ష పుస్తకం ఎవరిది వాళ్లు కొనుక్కుంటారు. అబ్బాస్ ఒకటి, సాంపేరాక్ ఒకటి ముగ్గురూ కలిసి కొంటారు. తలా పడే భారం తగ్గుతుంది. రెండో ఏడాది అయ్యాక జూనియర్లకు అమ్మేస్తారు. కావాలంటే అబ్బాస్‌ను మాత్రం ఉంచుకోండి, మూడో ఏడాదిలో, ఫైనల్ ఇయర్ మెడిసిన్ పోస్టింగులో లూపస్ రోగి ఎదురైనప్పుడు మళ్లీ తీయాల్సి వస్తుంది.

కొట్టుకు వెళ్లేటప్పుడు తల్లిదండ్రులు కూడా వెంట వెళ్లినా ఫరవాలేదు, సైన్సు రాకపోయినా ఫరవాలేదు. పిల్లవాణ్ణి ఆ పుస్తకంలోంచి ఒక బొమ్మ తీసి మీకు అర్థమయ్యే భాషలో చెప్పమనండి. ఐపీవీ డోసు ఐదో వంతే ఇచ్చినా చర్మంలోకి ఇస్తే ఎందుకు సరిపోతుందో అడగండి. చర్మంలో డెండ్రైటిక్ కణాలు కాపలా కాస్తుంటాయని, అవి ఆ టీకాను పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్తాయని, కండలో కన్నా చర్మంలో అవి ఎక్కువని ఆ పుస్తకం చూసి చెప్పగలిగితే బిల్లు కట్టేయండి. చెప్పలేకపోతే పక్కన ఉన్న ఇంకో పుస్తకం తీయమనండి.